తలాఖ్‌కు ముందున్న తలుపు



దివ్యఖుర్ఆన్‌లోని 'అన్నిసా' అధ్యాయం 35వ ఆయత్‌లో అల్లాహ్ భార్యాభర్తల తగవు గురించి ఒక ఆదేశం ఇచ్చాడు. ఇద్దరి మధ్య చీలిక వస్తుందన్న భయం కలిగితే భర్త కుటుంబం నుంచి ఒకరిని, భార్య కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమన్నాడు. వారు సయోధ్యను కోరుకుంటే తాను అనుకూలత కలిగిస్తానని వాగ్దానం చేశాడు.

ఇందులో రెండు సంగతులు గమనించండి. మొదటిది సమయం. చీలిక వచ్చాక అని కాదు, వస్తుందన్న భయం కలిగినప్పుడే అని ఆదేశం. రెండవది నియ్యత్. ఇక్కడ సయోధ్యను కోరుకోవలసింది మధ్యవర్తులేనని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. అంటే దంపతులు కోపంతో ఉన్నా, మధ్యనున్నవారి మనసు శుభ్రంగా ఉండాలి.

మరి మన ఇళ్లలో జరిగేదేమిటి? అమ్మాయి పుట్టింటికి వచ్చేసి ఆరు నెలలయ్యాక, ఇరుపక్షాల పెద్దలూ కూర్చుంటారు. అబ్బాయి మామయ్య అబ్బాయికి వకీలు అవుతాడు. అమ్మాయి బాబాయి అమ్మాయికి వకీలు అవుతాడు. పెళ్లిలో పెట్టిన సామాన్ల లెక్క మొదలవుతుంది. ఎవరు ఎవరిని ఏమన్నారో పాత జాబితా విప్పుతారు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడకుండానే పంచాయితీ ముగిసిపోతుంది! ఆయత్ చెప్పిన మధ్యవర్తిత్వం ఇదేనా?

కౌన్సెలర్ చేసే పని ఏమిటి?

నేడు దాంపత్య సమస్యలకు సలహా ఇచ్చే శిక్షణ పొందినవారు ఉన్నారు. అమెరికాలో 1942లోనే వివాహ సలహాదారుల సంఘం ఏర్పడింది. 1963లో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ వృత్తికి లైసెన్సు పెట్టింది. మన దేశంలో 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, విచారణకు ముందు రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి బాధ్యత అని చెప్పింది. అందుకు కౌన్సెలర్ల సహాయం తీసుకునే ఏర్పాటూ చేసింది. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు, తలాఖ్‌కు ముందు ఇరుపక్షాల మధ్యవర్తుల ద్వారా సయోధ్యకు ప్రయత్నం జరిగి ఉండాలని స్పష్టం చేసింది. మనం మరచిపోయిన మెట్టును కోర్టు మనకు గుర్తు చేయవలసి వచ్చింది.

కౌన్సెలర్ తీర్పు చెప్పడు. తప్పెవరిదని తేల్చడు. ఇద్దరినీ కలిపి వింటాడు, అవసరమైతే విడివిడిగా వింటాడు. గొడవ ఎలా మొదలైంది, తర్వాత ఎవరేమన్నారు, ఎలా ముగిసింది అని ఒక్కో అడుగూ అడుగుతాడు.

ఒక ఉదాహరణ అనుకుందాం. నిజామాబాద్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు వెళ్లిన భర్త రాత్రి ఫోన్ చేసి ముందు అమ్మతో మాట్లాడతాడు. అమ్మ కోడలిపై ఒక ఫిర్యాదు చెబుతుంది. తర్వాత భార్యతో అతని మొదటి మాటే నిలదీత అవుతుంది. ఆమె మౌనం వహిస్తుంది. ఆ మౌనం చూసి అతనికి అనుమానం. మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాడు. ఆమె ఫోన్ ఆపేస్తుంది. మర్నాడు అత్తగారికి ఇంకో ఫిర్యాదు దొరుకుతుంది. ఆమె మాట్లాడదు కనుక కోప్పడుతున్నానని అతనంటాడు. అతను కోప్పడతాడు కనుక మాట్లాడనని ఆమె అంటుంది. ఇద్దరూ చెప్పేది నిజమే! గానుగెద్దులా ఇద్దరూ అదే చుట్టు తిరుగుతున్నారు.

కౌన్సెలర్ ఆ చుట్టును వారికి చూపిస్తాడు. దానిలో ఒక్క లంకెను మార్చమంటాడు. వారానికి మూడు రోజులు ముందు భార్యకే ఫోన్ చేయాలి. అమ్మ చెప్పిన సంగతిని నిందగా కాక ప్రశ్నగా అడగాలి. ఆమె కూడా ఫోన్ ఆపేయకుండా, ఇప్పుడు మాట్లాడలేను, రేపు మాట్లాడతానని చెప్పాలి. 'నువ్వెప్పుడూ ఇంతే' అనే బదులు 'నిన్న నీ మాటకు నాకు బాధ కలిగింది' అనాలి. జవాబిచ్చే ముందు అవతలివారు చెప్పినది తనకు ఎలా అర్థమైందో తిరిగి చెప్పాలి. వచ్చే వారం ఏం జరిగిందో మళ్లీ చూస్తారు. చిన్న విషయాలే. కానీ ఎన్నో కాపురాలు చిన్న విషయాల దగ్గరే విరుగుతున్నాయి.

దంపతుల సంభాషణలను ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికా పరిశోధకుడు జాన్ గాట్‌మన్, కోపం కన్నా ఎగతాళి, చిన్నచూపు కాపురానికి ఎక్కువ ప్రమాదకరమని చెప్పాడు. ఎగతాళిని, దెప్పిపొడుపును, చెడ్డ పేర్లతో పిలవడాన్ని 'అల్ హుజురాత్' అధ్యాయం 11వ ఆయత్ నిషేధించింది. వీధిలో నిషిద్ధమైనది ఇంట్లో భార్య విషయంలో, భర్త విషయంలో ధర్మసమ్మతం అవుతుందా?

ప్రవక్త (స) మార్గం

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకరోజు కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటికి వెళ్లారు. అల్లుడు హజ్రత్ అలీ (రజి) కనిపించలేదు. తమ మధ్య ఏదో మాట వచ్చిందని, ఆయన అలిగి బయటకు వెళ్లారని ఆమె చెప్పారు. ప్రవక్త (స) గొడవ ఏమిటని ఆరా తీసినట్లు ఉల్లేఖనంలో లేదు. మస్జిదులో పడుకుని ఉన్న అల్లుడి వద్దకు స్వయంగా వెళ్లి, ఒంటికి అంటిన మట్టి తుడుస్తూ, 'అబూ తురాబ్' అని ముద్దుగా పిలిచి లేపారు. మట్టివాడా అని ఆ పిలుపు భావం. ఆడపిల్ల తండ్రులారా, ఈ మామగారిని చూడండి!

మరొక సంఘటన. బానిసత్వం నుంచి విముక్తి పొందిన బరీరా (రజి) భర్త ముగీస్ (రజి)తో కలిసి ఉండటానికి ఇష్టపడలేదు. ఆయన కన్నీరు గడ్డంపై కారుతుండగా మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగేవారు. ప్రవక్త (స) ఆయన తరఫున ఆమెతో మాట్లాడారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. అయితే నాకు ఆయన అవసరం లేదని ఆమె చెప్పేశారు. ప్రవక్త (స) బలవంతం చేయలేదు. మధ్యవర్తి హద్దు ఇదే. నిర్ణయం దంపతులది.

ఇది పరనింద కాదా?

జీవిత భాగస్వామి లోపాలు బయటివారికి చెప్పడం గీబత్ కాదా అని కొందరు సందేహిస్తారు. హజ్రత్ హింద్ (రజి) తన భర్త అబూ సుఫ్యాన్ (రజి) ఖర్చులకు సరిపడా ఇవ్వరని ప్రవక్త (స)కు ఫిర్యాదు చేశారు. ప్రవక్త (స) ఆమెను వారించలేదు. ఆమెకూ పిల్లలకూ న్యాయంగా సరిపడేంత తీసుకోమని పరిష్కారం చెప్పారు. పరిష్కారం చేయగలవారికి అవసరమైనంత చెప్పడం గీబత్ కాదని ధర్మవేత్తలు వివరించారు. అదే సంగతిని పదిమంది బంధువులకు ఫోన్లలో చెప్పుకోవడమే గీబత్. కౌన్సెలర్ విన్నది అమానత్, దాన్ని బయటపెట్టకూడదు.

ఒక హెచ్చరిక

దెబ్బలు తినే స్త్రీని భర్త పక్కనే కూర్చోబెట్టి నిజం చెప్పమనడం సలహా కాదు, ప్రమాదం. ఇంటికెళ్లాక ఆ నిజానికి ఆమె శిక్ష అనుభవిస్తుంది. మంచి కౌన్సెలర్ ఆమెను ఒంటరిగా విని, ముందు ఆమె క్షేమం చూస్తాడు. ఆమె రక్షణకు 2005 నాటి గృహహింస చట్టం ఉంది, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) పెళ్లి సంబంధం గురించి సలహా అడిగినప్పుడు, ప్రవక్త (స) అబూ జహమ్ కర్ర దించని మనిషని దాచకుండా చెప్పి, మరొకరిని సూచించారు. అలాంటప్పుడు ఓర్చుకో అని మాత్రమే చెప్పి పంపే పెద్దలు ఎవరి మార్గంలో ఉన్నట్లు?

మన దేశంలో దాంపత్య కౌన్సెలింగుకు ప్రత్యేక లైసెన్సు లేదు. కనుక ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని అడగండి. తాయెత్తు కట్టి కాపురం నిలబెడతామనే వారికి దూరంగా ఉండండి. స్త్రీలు కోరితే మహిళా కౌన్సెలర్ వద్దకు తీసుకెళ్లండి.

సోదరులారా! తలాఖ్ అన్న మాటకు నోటిలో క్షణం చాలు. ఆ తర్వాత పిల్లలు రెండు ఇళ్ల మధ్య తిరిగే కాలం ఎంతో! ఆ మాటకు ముందే అల్లాహ్ ఒక తలుపు తెరిచి ఉంచాడు. దాన్ని తట్టడం పరువు తక్కువ కాదు, ఆయన ఆదేశాన్ని పాటించడమే. ఈ రాత్రి మీ ఇంట్లో మౌనం పెరుగుతోందనిపిస్తే, రేపటి దాకా ఆగకండి.

అల్లాహ్ మన ఇళ్లలో ప్రేమను, ప్రశాంతతను నింపుగాక! మధ్యవర్తులుగా కూర్చునే మనకు నిష్పక్షపాత హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.