వానను తిట్టని ఇల్లు

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎంత ముసురు పట్టినా, ఎన్నాళ్ళు ఎండ మొహం కనపడకపోయినా, వానను ఎవరూ తిట్టకూడదు. "పాడు వాన" అన్న మాట పిల్లల నోట వినిపిస్తే చేస్తున్న పని ఆపి మరీ వాళ్ళ దగ్గరికి వెళ్తాను. సియాటిల్‌లో ఈ కట్టుబాటు నిలబెట్టుకోవడం తేలిక కాదు. అక్టోబరులో మొదలైన వాన మే దాకా వస్తూ పోతూ ఉంటుంది. ఏడాదిలో సుమారు 150 రోజులు ఎంతో కొంత చినుకు పడుతుంది. డిసెంబరులో సాయంత్రం 4:20కే పొద్దు గూకుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చి అరగంట ఆడుకునే లోపే చీకటి.

ఈ కట్టుబాటు మా అవ్వది. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే బరువు దించుకుని మా దాకా వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. ఈశాన్యం మబ్బులకేమో మేము సముద్రానికి దూరం. రెండు పంక్తుల్లోనూ చివర కూర్చున్నవాళ్ళం. ఎర్రనేలలో చెనక్కాయ విత్తనం వేయాలంటే పదును కావాలి. వాన వెలిసిన మర్నాడు తెల్లవారుజామునే నాయన చేలోకి పోయి గడ్డపారతో మట్టి తవ్వి, తడి ఎంత లోతు దిగిందో చేత్తో చూసేవాడు. జానెడు దిగితే ఇంట్లో గొర్రు బయటికి వచ్చేది. నాలుగు వేళ్ళే దిగితే ఆ పూట ఎవరూ ఎక్కువ మాట్లాడేవాళ్ళు కాదు.

వాన పూర్తిగా మొహం చాటేసిన ఏడు గుడిలో విరాటపర్వం చదివించేవాళ్ళు. పిల్లలం రోకలికి వేపాకు, కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు చెంబెడు నీళ్ళు కప్ప మీద పోసేవాళ్ళు. తాగడానికే నీళ్ళు లేని రోజుల్లో ఆ చెంబెడు నీళ్ళు ఎంత విలువైనవో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. అట్లాంటి ఇంట్లో వానను తిట్టడమంటే పీట మీద కూర్చున్న చుట్టాన్ని లెమ్మనడమే.

అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాను. మొదటి అక్టోబరులో ఆఫీసులో ఒకావిడ కిటికీ వైపు చూసి, ఈ వాతావరణానికి తనదే తప్పన్నట్టు నాతో నొచ్చుకుంటూ మాట్లాడింది. నాకు మాట రాలేదు. ఆ మాటే మా పల్లెలో ఎవరికైనా చెబితే నమ్ముతారా అనుకున్నాను. నిజానికి సియాటిల్‌లో కురిసేది ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దరిదాపే. చెన్నైలో ఇంతకన్నా ఎక్కువ కురుస్తుంది. కాకపోతే చెన్నై వాన వచ్చి కుమ్మరించి పోతుంది, ఇక్కడి వాన తుంపరగా దిగి కదలదు. మన భాషలో దీనికి ముసురు అని చక్కని మాట ఉంది. మనకు ముసురంటే మూడు రోజులో నాలుగు రోజులో, ఇక్కడ నెలలు.

మూడో ఏడాదికి నేనూ అలిసిపోయాను. చంటిపిల్ల, ఆరని బట్టలు, మధ్యాహ్నం కూడా దీపం వేసుకోవాల్సిన వంటిల్లు. ఒక ఆదివారం నాయనకు ఫోన్ చేసి, "ఎప్పుడు చూసినా వానే నాయనా, విసుగొస్తాంది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "పదును ఎంత దిగింది పాపా?"

నేను చూడలేదు. ఆ ఇంట్లో అద్దెకు దిగి ఏడాది దాటినా పెరట్లో ఒక్కసారి కూడా మట్టి తాకలేదు. ఫోన్ పెట్టేసి, చంటిదాన్ని చంకనేసుకుని బయటికి వెళ్ళి, గరిటెతో తవ్వాను. జానెడు కాదు, మూరెడు తవ్వినా తడే. నల్లటి మట్టి, అందులో వానపాములు, కుళ్ళిన ఆకుల వాసన. నాయనకు ఇది ఎట్లా చెప్పాలో తెలియక ఫోటో తీసి పంపాను. ఆ రోజు నుంచి మాకు వానాకాలం వేరే తీరుగా నడిచింది.

ఇక్కడివాళ్ళు చాలామంది గొడుగు పట్టరు. తడవని కోటు, బూట్లు వేసుకుని వానలోనే నడుస్తారు. మేమూ అదే నేర్చుకున్నాం. ఇంటి వెనక అడవి దారిలో శనివారం పొద్దున ఒక గంట. వానలోనే ఆ అడవి బాగుంటుంది. ఎండాకాలంలో దుమ్ము పట్టి వాడిపోయిన నాచు మొదటి వానకే ఉబ్బి మెత్తటి పచ్చటి పరుపవుతుంది. దేవదారు బెరడు తడిసి ఎర్రబడుతుంది. ఫెర్న్ ఆకుల కొసల్లో వరసగా చినుకులు వేలాడతాయి. ఆ దారిలోనే పిల్లలు వాన పేర్లు నేర్చుకున్నారు: ఇది తుంపర, ఇది జల్లు, ఇది జడి. పేరు తెలిసిన వానను తిట్టబుద్ధి కాదు. మా చిన్నది ఒకసారి జాకెట్ చేయి చాపి చినుకులు పడనిచ్చి, "అమ్మా, తుంపర జల్లు అవుతాంది" అని మా అమ్మ యాసలోనే అంది. పలకల మీద రాయించి నేర్పిన తెలుగు కన్నా ఆ ఒక్క వాక్యం నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

అక్టోబరులో ఇస్సక్వా అనే ఊళ్ళోని వాగు దగ్గరికి వెళ్తాం. ఊరి నడిబొడ్డున చేపపిల్లల్ని పెంచే కేంద్రం ఉంది, 1936లో కట్టారు. సముద్రంలో ఏళ్ళ తరబడి తిరిగిన సాల్మన్ చేపలు తాము పుట్టిన నీళ్ళు వెతుక్కుంటూ ఎదురు ప్రవాహంలో వస్తాయి. వాన పడి వాగు నిండితేనే వాటికి దారి. ఒళ్ళంతా గీరుకుపోయి, రెక్కలు చిరిగి, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు పెద్దవాడు ఏడ్చాడు. ఏడవనిచ్చాను. పైవాళ్ళ ప్రాణం కిందివాళ్ళకు ఎట్లా అందుతుందో అంతకన్నా బాగా నేను చెప్పలేను.

నాయన ఇక్కడికి ఒక్కసారే వచ్చాడు, ఒక మే నెలలో. ఒలింపిక్ కొండలకు పడమట హో అనే వానల అడవి ఉంది, ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అక్కడ పడిపోయిన మహావృక్షాల మీదే కొత్త మొక్కలు వరసగా వేళ్ళూనుతాయి. అక్కడికి తీసుకుపోతే నాయన అట్లాంటి ఒక మానును చేత్తో తట్టి చూసి ఏమీ అనలేదు. మర్నాడు కొండకు ఈశాన్యం పక్కనున్న స్క్విమ్ అనే ఊరికి తీసుకుపోయాం. అవే కొండలు, అదే సముద్రం, కానీ మబ్బులన్నీ అటు పక్కే దిగిపోవడంతో ఇక్కడ పడేది సుమారు 400 మిల్లీమీటర్లు. మా అనంతపురం కన్నా తక్కువ! రైతులు 1895లో డన్‌జనెస్ నది నుంచి కాలవ తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారు. మరుసటేడు నుంచి ఏటా మే నెలలో ఆ కాలవకు పండగ చేస్తున్నారు. నాయన కాలవ గట్టున గొంతుక్కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టాడు. "మన కతే ఈడా" అన్నాడు. అమెరికా అంతా చూపించినా ఆయన ఊరికి పోయి చెప్పింది ఆ కాలవ గురించే.

వానాకాలపు ఇల్లు ఎండాకాలంలోనే మొదలవుతుంది, ఆ మాట కూడా అవ్వదే. అక్కడ చైత్ర వైశాఖాల్లో పెట్టే వడియాలు ఇక్కడ జులై ఆగస్టుల్లో పెడతాను. ఆ రెండు నెలలు ఇక్కడ చినుకు రాలడమే అరుదు. డెక్ మీద పాత పంచె పరిచి బూడిదగుమ్మడి వడియాలు, మజ్జిగలో నానిన ఊరమిరపకాయలు. కాకులు వస్తే తోలడం పిల్లల పని. కుండీల్లో గోంగూర, వేలు గుచ్చి పదును చూసి నీళ్ళు పోయడం కూడా వాళ్ళ పనే. నవంబరులో బయట గాలి ఈడ్చి కొడుతుంటే డబ్బా మూత తీసి నాలుగు వడియాలు వేయిస్తాను. ఆ వాసనలో ఆగస్టు ఎండ ఉంటుంది. శనివారం నడక నుంచి తడిసి వచ్చాక మాత్రం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలే. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఎర్రగడ్డ, పచ్చిమిరప తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండాలి. పొడి చల్లే పని కోసం పిల్లలిద్దరూ పోట్లాడుకుంటారు.

కిటికీ బయట హమ్మింగ్ పక్షులకు ఒక సీసా వేలాడదీశాం. అన్నా హమ్మింగ్ పక్షి అనే రకం చలికాలమంతా ఇక్కడే ఉంటుంది. ఒక పాలు పంచదారకు నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి పోస్తుంది చిన్నది. గడ్డకట్టే చలి ఉన్న పొద్దున బడికి పోయే ముందే ఆ సీసా లోపలికి తెచ్చి కరిగించి మళ్ళీ పెడుతుంది. పక్షికి పెట్టిన తర్వాతే తను తింటుంది. ఎవరూ చెప్పలేదు.

వాన అంటే అందరికీ ఆశీర్వాదమే అని రాస్తే అబద్ధమవుతుంది. మా అత్తయ్యది దివిసీమ. 2024 నవంబరు 19 రాత్రి ఆవిడ మా ఇంట్లోనే ఉంది. ఆ రాత్రి కాస్కేడ్ కొండల మీదుగా తూర్పు గాలి విరుచుకుపడింది. మహావృక్షాలు వేళ్ళతో సహా కూలాయి, ఈ చుట్టుపక్కల లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. గాలి మొదలైనప్పటి నుంచీ అత్తయ్య సోఫాలో ముడుచుకుని కూర్చుంది. తేదీ మాలో ఎవరికీ తట్టలేదు, ఆవిడే చెప్పింది. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన రాత్రి. అప్పటికి ఆవిడకు ఇరవై ఏళ్ళు. నా కట్టుబాటు ఆ క్షణాన నాకు చాలా చిన్నదిగా కనిపించింది. "గాలిని తిట్టండి అత్తయ్యా, పర్లేదు" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, "గాలి వేరు, వాన వేరమ్మా. ఆ తర్వాత మళ్ళీ నాట్లు వేసింది వానతోనేగా" అంది.

కార్తీక పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులే అయింది. ప్రమిదలు, చేసి పెట్టుకున్న వత్తులు ఇంకా పూజగదిలో ఉన్నాయి. అన్నీ తెచ్చి హాల్లో వరసగా వెలిగించాం. గ్యాసు పొయ్యి ఉంది కాబట్టి అన్నం, చారు. మూడు రాత్రులు అందరం ఒకే గదిలో, దుప్పట్లు పక్కపక్కనే పరుచుకుని పడుకున్నాం. అత్తయ్య పిల్లలకు పొడుపు కథలు వేసింది. ఎన్నడూ ఎవరితోనూ అనని సంగతులు కూడా చెప్పింది: ఏ చెట్టు పట్టుకుని నిలిచారో, ఎవరు చేయి వదిలేశారో. మా ఆయన తల్లి నోట ఆ కథ మొదటిసారి వినడం ఆ రాత్రే. కరెంటు వచ్చినప్పుడు చిన్నది లేచి లైటు ఆర్పేసింది.

నాలుగో రోజు గాలి తగ్గి, మామూలు తుంపర మొదలైంది. వీధి చివర కాలవ మూతల మీద ఆకులు పేరుకుపోయి నీళ్ళు నిలిచాయి. పక్కింటి పెద్దాయన, మేము, ఎదురింటి కొరియా దంపతులు పారలు పట్టుకుని తీశాం. పదేళ్ళుగా చెయ్యి ఊపి పోవడమే తప్ప ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియదు. ఆ మధ్యాహ్నం మా వాకిట్లో తడి బట్టలతోనే అందరం బజ్జీలు తిన్నాం.

ఫిబ్రవరి చివర ఇక్కడ కప్పలు మొదలవుతాయి. వేలి కొసంత ఉండే చెట్టుకప్పలు. మా ఇంటి దగ్గరి మడుగులో చీకటి పడగానే వందలకొద్దీ కలిసి అరుస్తాయి. పోయిన ఏడు ఒక రాత్రి ఎనిమిదికి నేనూ చిన్నదీ ఆ గట్టున నిలబడి ఊరికి ఫోన్ చేశాం. అక్కడ మర్నాటి పొద్దున తొమ్మిదిన్నర, ఎండ అప్పుడే ముదురుతోంది. స్పీకరు పెట్టి ఫోన్ మడుగు వైపు చాపాను. అటు నుంచి ఏ మాటా లేదు. తెగిపోయిందేమో అనుకున్నాను. అంతలో అమ్మ ఎవరినో కేకేసి పిలవడం వినిపించింది, పక్కింటి చిన్నమ్మను కాబోలు. కుర్చీ లాగిన చప్పుడు. నాయన గొంతు: "తియ్యొద్దు పాపా, ఇంకొంచేపు పట్టుకో." జేబులో పెట్టుకున్న చెయ్యి కూడా బయటికి తీసి, తెరమీద చినుకులు పడకుండా అడ్డం పెట్టి, నేను అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.