వీధి హక్కు, విశ్వాసి బాధ్యత

మగ్రిబ్ నమాజు ముగుస్తుంది. మస్జిద్ మెట్ల దగ్గర నలుగురు నిలబడతారు. మురుగు కాలువ పొంగి నీళ్ళు దారి మీదికి వస్తున్నాయని ఒకరంటారు. వీధి దీపం వెలగక నెల దాటిందని ఇంకొకరంటారు. కొత్త రోడ్డు ఎత్తు పెంచి వేయడంతో తమ ఇల్లు పల్లంలో పడిందని మూడోవారు వాపోతారు. "ఎవరికి పట్టింది భాయ్!" అని నాలుగోవారు నిట్టూరుస్తారు. ఇంతలో ఇషా అజాన్ వినిపిస్తుంది. అందరూ మళ్ళీ లోపలికి వెళతారు. మర్నాడు అవే మెట్లు, అవే మాటలు.

మన పట్టణాల్లో ఎక్కడైనా కనబడే దృశ్యమే ఇది. ఆ నలుగురూ నమాజు విషయంలో అశ్రద్ధ చేయలేదు, అబద్ధమాడలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. అయితే ఆ వీధి గురించి ప్రళయదినాన వారు సమాధానం చెప్పుకోవలసి ఉంటుందా? కాలువ ఎటు తవ్వాలి, రోడ్డు ఎంత వెడల్పు ఉండాలి, నీళ్ళ పైపు ముందుగా ఏ బజారుకు వేయాలి అనేవి ధర్మానికి సంబంధించిన విషయాలా, లేక కేవలం ప్రాపంచిక వ్యవహారాలా? ఈ ప్రశ్నను మనం తీరికగా ఆలోచించవలసి ఉంది.

గ్రామసభ పోయింది, బాధ్యత పోలేదు

నల్లగొండ జిల్లాలో సాగర్ వెళ్ళే దారిలో ఉన్న హాలియానే ఉదాహరణగా తీసుకుందాం. అనుముల మండల కేంద్రమైన ఈ ఊరు 2018 వరకూ పంచాయతీ పాలనలో ఉండేది. ఆ ఏడాది పురపాలక సంఘమైంది. 2020 జనవరిలో 12 వార్డులకు తొలి ఎన్నికలు జరిగాయి. బోర్డు మారింది, పన్నుల లెక్క మారింది. వీటితోపాటు మరొకటి కూడా మారింది. దాన్ని గమనించినవారు తక్కువ.

పంచాయతీలో గ్రామసభ ఉంటుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. కూలికి పోయే స్త్రీ అయినా లేచి నిలబడి, "మా బజారుకు నీళ్ళెందుకు రావడం లేదు?" అని సర్పంచిని ముఖాముఖి అడగవచ్చు. ఊరు పురపాలక సంఘమయ్యాక గ్రామసభ ఉండదు. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడేది ఎన్నికైన సభ్యులే. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది, కానీ అది 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల నగరాలకే. హాలియా వంటి చిన్న పట్టణాలకు ఆ లోటును 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం కొంత తీర్చింది. ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు ఉండాలనీ, ఒక్కొక్క దానిలో 15 మంది సభ్యులుండాలనీ అది చెప్పింది. అంటే ఒక్క వార్డులోనే 60 మంది సామాన్యులకు మాట్లాడే చోటు ఏర్పడింది.

చోటు ఏర్పడటం వేరు, దాన్ని వినియోగించుకోవడం వేరు. మన వార్డు కమిటీలో ఎవరెవరున్నారో మనలో ఎంతమందికి తెలుసు? 2025 జనవరిలో 2020 నాటి పాలకవర్గాల పదవీకాలం ముగిసి, పురపాలక సంఘాలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్ళాయి. కౌన్సిలర్లు లేని ఆ కాలంలో కూడా మురుగు పారుతూనే ఉంది, దోమలు పుడుతూనే ఉన్నాయి. వీధికి ప్రతినిధి లేని రోజులుంటాయి గాని, వీధిలో నివసించేవారు లేని రోజుండదు.

దారికి కూడా హక్కు ఉంది

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి తన సహచరులను దారుల వెంట కూర్చోవద్దని వారించారు. అక్కడ కూర్చుని మాట్లాడుకోవడం తమకు తప్పనిసరి అని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు చెల్లించండని ఆయన ఆదేశించారు. చూపులను అదుపులో ఉంచుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ప్రబోధించడం, చెడును నివారించడం - ఇవే ఆ హక్కులని వివరించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

ఇప్పుడు మస్జిద్ మెట్ల దగ్గర నిలబడిన ఆ నలుగురినీ మళ్ళీ చూడండి. సలాముకు జవాబిచ్చారు. ఎవరినీ బాధించలేదు. చివరి రెండు హక్కులే మిగిలిపోయాయి. చెడును చూశారు, దాని గురించి మాట్లాడుకున్నారు, కాని దాన్ని మార్చగలవారి దాకా ఆ మాట చేరవేయలేదు.

దారి మీద అడ్డుగా ఉన్న హానికర వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమేనని ఆయన (స) బోధించారు. రోడ్డు మీద ముల్లు కనబడితే వంగి తీయగలం. మూత లేని మ్యాన్‌హోల్‌ను, తెగి వేలాడుతున్న కరెంటు తీగను ఒంటిచేత్తో తీయలేం. వాటిని తీయించే మార్గం దరఖాస్తు, సమావేశం, ఓపికగా పదిసార్లు తిరగడం. ముల్లును తీస్తే పుణ్యమని నమ్మేవాడు, దరఖాస్తు రాయడం కూడా అదే పుణ్యంలోకి వస్తుందని ఎందుకు నమ్మడు?

దారి వెడల్పు గురించి తగవు వస్తే ఏడు మూరలు ఉంచాలని ఆయన (స) నిర్ణయించినట్లు బుఖారీలోనే ఉంది. ఏడు మూరలంటే సుమారు పదిన్నర అడుగులు. నమాజు, ఉపవాసాలు నేర్పడానికి వచ్చిన ప్రవక్త దారి కొలతను కూడా చెప్పారు. బజారు వెడల్పు ధర్మానికి సంబంధించిన విషయమా అని సందేహించేవారికి ఇంతకంటే జవాబు అవసరం లేదు.

ఓడలో కింది అంతస్తు

హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఉపమానం మనం ఎన్నోసార్లు విన్నాం. కొందరు చీట్లు వేసుకుని ఓడలో చోటు పంచుకున్నారు. కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారు నీళ్ళ కోసం పైకి వెళ్ళవలసి వచ్చేది. పైవారికి ఇబ్బంది కలిగించడమెందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందామని వారనుకున్నారు. పైవారు వారిని అలా వదిలేస్తే అందరూ మునుగుతారు, చేతులు పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు.

ఈ ఉపమానాన్ని మనం సాధారణంగా చెడును ఆపాలనే మాట దగ్గరే ముగిస్తాం. ఇంకొంచెం ఆలోచిస్తే మరి కొన్ని విషయాలు తోస్తాయి. ఎవరు పైన, ఎవరు కింద అన్నది చీటీ తేల్చింది. అందులో పైవారి గొప్పతనమేమీ లేదు. మన ఇల్లు మెరకన ఉండటం, పొరుగువాని ఇల్లు వాగు ఒడ్డున పల్లంలో ఉండటం కూడా అలాంటిదే. పైగా కిందివారు దుర్మార్గులు కారు. వారికి నిజంగానే నీళ్ళు కావాలి. పైవారిని ఇబ్బంది పెట్టకూడదనే మంచి ఉద్దేశం కూడా వారికుంది. అయినా అంత ప్రమాదకరమైన ఆలోచన వారికి ఎందుకు వచ్చింది? తమ కష్టాన్ని పైవారితో కూర్చుని మాట్లాడే అలవాటు ఆ ఓడలో లేకపోవడం వల్లనేమో!

మన వీధుల్లో జరుగుతున్నది ఇదే. అందరితో కలిసి అడిగే మార్గం కనబడనప్పుడు ప్రతి ఇంటివారూ తమ భాగంలో రంధ్రం చేసుకుంటారు. ఒకరు నీళ్ళ పైపుకు రహస్యంగా మోటారు బిగిస్తారు. మరొకరు తమ గుమ్మం ముందు కాలువను పూడ్చి మెట్లు కట్టుకుంటారు. వేరొకరు తమ వాకిట్లోకి నీళ్ళు రాకుండా ఎత్తు పోసి ఎదుటి ఇంటికి మళ్ళిస్తారు. ఎవరి అవసరం వారిది. మునిగేది మాత్రం వీధి మొత్తం.

నల్లగొండ నేర్పిన పాఠం

రంధ్రం చేయకుండా గొంతెత్తిన ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో పునాది పడింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ జలాశయం ఒక గట్టు నల్లగొండదే. అయినా ఈ జిల్లా మెట్ట గ్రామాల్లో పేదలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్ళే తాగారు. కాళ్ళు వంకర్లు పోయాయి, నడుములు వంగిపోయాయి. పక్కనే కృష్ణమ్మ, ఇంట్లో విషం. ఓడ కింది అంతస్తు అంటే అదే.

1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి తాగు, సాగునీటి సమస్యను దేశానికి చెప్పదలచింది. వందలాది మంది నామినేషన్లు వేశారు. చివరికి నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. వారిలో దాదాపు అందరూ డిపాజిట్లు కోల్పోయారు. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. కానీ నల్లగొండ నీళ్ళ గోడు దేశమంతటికీ తెలిసింది. వారు ఒక్క బస్సు అద్దం పగలగొట్టకుండానే ఈ పని చేశారు. గెలవడానికి నిలబడలేదు, వినిపించడానికి నిలబడ్డారు.

"నా మాట ఎవరు వింటారు?"

ఈ మాట వినయంలా కనబడుతుంది గాని, తరచుగా ఇది బద్ధకానికి ముసుగు. బద్ర్ సందర్భంగా దైవప్రవక్త (స) సైన్యాన్ని ఒక చోట దించారు. హజ్రత్ హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) వచ్చి, ఈ చోటు దైవాజ్ఞతో ఎంచుకున్నదా, లేక యుద్ధ వ్యూహంగా ఎంచుకున్నదా అని ఎంతో మర్యాదగా అడిగారు. వ్యూహమేనని తెలిశాక, ముందుకు వెళ్ళి నీటి బావి దగ్గర దిగడం మేలని సూచించారు. ఆయన (స) ఆ సలహాను అంగీకరించి విడిది మార్చారని సీరత్ గ్రంథాలు పేర్కొన్నాయి. ప్రవక్త సన్నిధిలోనే ఒక సామాన్య సహచరుడు ప్రణాళికను మార్చమని అడగగలిగినప్పుడు, ఇంజనీరు గీసిన గీతను ప్రశ్నించడానికి మనకెందుకు జంకు? అడిగిన తీరును కూడా గమనించండి. ముందు తెలుసుకున్నారు, తర్వాత కారణం చెప్పారు. కేకలు లేవు, నిందలు లేవు. మనం కూడా ముందు తెలుసుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం అందుకే ఉంది. రోడ్డు అంచనా ఎంత, కాలువ వాలు ఎటు అని రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

పదవి కోరవద్దని హదీసులో ఉంది కదా అని కొందరు దూరంగా ఉంటారు. పదవిని ఆశించడం వేరు, పదవిలో ఉన్నవారిని లెక్క అడగడం వేరు. మొదటిదానికి దూరంగా ఉండటం జాగ్రత్త. రెండోదానికి దూరంగా ఉండటం బాధ్యత నుంచి తప్పుకోవడం. అయితే అడగడానికి కూడా ఒక అర్హత ఉంది. ఎన్నికల రాత్రి ఓటుకు నోటు తీసుకున్నవాడు మర్నాటి నుంచి ఏ ముఖంతో అడుగుతాడు? ఓటు ఒక సాక్ష్యం. సాక్ష్యాన్ని అమ్ముకున్నవాని నోరు ఐదేళ్ళు మూతపడుతుంది.

మన గల్లీ వరకేనా?

ఇక మనల్ని మనం నిజాయితీగా పరిశీలించుకోవలసిన విషయం ఒకటుంది. మనం మున్సిపల్ కార్యాలయానికి అసలు వెళ్ళమని కాదు. ఖబరస్తాన్ ప్రహరీ కోసం వెళతాం. పండుగ ముందు ఈద్గాహ్ చదును చేయించమని వెళతాం. మస్జిద్ ముందు దీపం కోసం వెళతాం. ఇవి అడగవలసినవే. కాని పక్క వార్డులో పల్లపు గుడిసెల్లోకి వాననీళ్ళు చేరినప్పుడు మనలో ఎవరైనా వెళ్ళారా? పొరుగువాని హక్కు గురించి ఇస్లాం ఎంతో గట్టిగా చెప్పింది. ఆ పొరుగువాడు ఫలానా మతంవాడై ఉండాలన్న షరతు పెట్టలేదు.

మన కోసం మాత్రమే అడిగితే అధికారి దాన్ని ఒక వర్గం కోరికగా చూస్తాడు. పొరుగువారి కోసం కూడా అడిగితే అది న్యాయం కోసం అడిగినట్లవుతుంది. రేపు మన ఖబరస్తాన్ కోసం మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ పొరుగువారు మన పక్కన నిలుస్తారా లేదా అన్నది వారి ఇష్టం. ఆ ఆశతో చేయకూడదు కూడా. మన ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది.

ముందు మన గడప

అన్నిటికంటే కష్టమైన పరీక్ష ఇది. కాలువ బాగుచేయడానికి మనుషులు వస్తారు. కొలతలో మన మెట్టు కాలువ మీద ఉన్నట్లు తేలుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? నిన్నటి దాకా అందరికంటే ముందు నిలబడి అడిగిన మనమే, తెలిసిన నాయకునికి ఫోను చేసి కాలువను ఎదుటివారి వైపు వంచమని చెప్పిస్తామా? మఖ్జూమ్ తెగకు చెందిన ఒక ఉన్నత కుటుంబ స్త్రీ దొంగతనం చేసినప్పుడు, ఆమె తరఫున సిఫారసు చేయడానికి వచ్చిన తన ప్రియ సహచరుడు ఉసామా (రజి)ను కూడా దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. బలవంతులను వదిలి బలహీనులనే శిక్షించడం పూర్వపు జాతుల వినాశనానికి కారణమైందని హెచ్చరించారు. వీధి కొలతకు కూడా ఇదే నియమం వర్తించదా?

2020లో వచ్చిన భవన నిర్మాణ అనుమతుల చట్టం స్వీయ ధ్రువీకరణను ప్రవేశపెట్టింది. చిన్న ఇళ్ళ విషయంలో యజమాని తానే, "నేను నిబంధనల ప్రకారమే కడుతున్నాను" అని రాసిస్తే చాలు. ఇది సౌలభ్యం మాత్రమే కాదు, ఒక అమానతు. ప్రభుత్వం మన మాటను నమ్మింది. వదలవలసిన జాగా వదలకుండా సంతకం పెట్టినవాడు అబద్ధపు సాక్ష్యం చెప్పినట్లే. అధికారి వచ్చి చూడకపోవచ్చు. చూసేవాడు మాత్రం ఉన్నాడు.

కనుక సోదర సోదరీమణులారా! పెద్ద పనులేమీ అక్కరలేదు. ఈ వారమే మన గుమ్మం ముందు కాలువను ఒకసారి చూద్దాం, మనం అడ్డుగా ఉంటే ముందు మనమే తొలగిద్దాం. మన వార్డు కమిటీ ఎక్కడ ఉందో కనుక్కుందాం, లేకపోతే ఎందుకు లేదో రాసి అడుగుదాం. వెళ్ళేటప్పుడు మన వీధి దరఖాస్తుతోపాటు, మనది కాని ఒక వీధి దరఖాస్తును కూడా తీసుకువెళదాం. ఇంట్లో స్త్రీలను అడగడం మరచిపోవద్దు. కుళాయి ఎన్ని గంటలకు వస్తుందో, ఎన్ని బిందెలు నిండుతాయో మనకంటే వారికే బాగా తెలుసు.

మస్జిద్ మెట్ల దగ్గర మాటలు ఇకముందు కూడా సాగుతాయి. ఇషా అజాన్ వినిపించేలోగా ఆ నలుగురిలో ఒకరు, "రేపు పదింటికి నేను వెళుతున్నాను, ఎవరొస్తారు?" అంటే చాలు. దారి హక్కు చెల్లించడం అక్కడి నుంచే మొదలవుతుంది.

మనం నడిచే దారి విషయంలోనూ, మన పొరుగువాని విషయంలోనూ న్యాయంగా ప్రవర్తించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.