తినునది మన సొంత సంగతియేనా?



క్రిస్మసు సమీపించునప్పుడు మన ముమ్మిడివరము చుట్టుప్రక్కల ఇండ్లలో ఒక ప్రశ్న మరల తల యెత్తుచుండును. పండుగనాడు పందిమాంసము వండవచ్చునా? వండువారు పేతురు యొప్పేలో చూచిన దర్శనమును (అపొ. కార్య. 10) చూపుదురు. వద్దనువారు లేవీయకాండము 11వ అధ్యాయము తెరచెదరు. యెరూషలేము సభవారు (అపొ. కార్య. 15) అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులకు విధించిన వాటిలో పంది పేరు లేదు గనుక, సెలవు ఉన్నదనియే మేమెంచుచున్నాము.

అయితే సెలవు ఉన్నంతమాత్రమున, మనము తినునది మనకు మాత్రమే సంబంధించిన సంగతి యగునా? రోమా 14వ అధ్యాయములో పౌలు ఇరుపక్షములవారిని హెచ్చరించెను. తినువాడు రెండవవానిని చులకన చేయరాదు. తిననివాడు న్యాయాధిపతి పీఠమెక్కరాదు.

ఇక్కడ ఒక మెలిక కలదు. కొందరు మానినది మనస్సాక్షివలన కాదు, సిగ్గువలన. పంది పెంచువారిని, తినువారిని ఊరు తక్కువగా చూచును గనుక, నాలుగు డబ్బులు చేతికి రాగానే పాతకుండను దాచివేయుదురు. మానుట తప్పు కాదు. కాని ఇంకను తినుచున్న బీద సహోదరుని యెదుట ముక్కు మూసికొనుట భక్తి యని మేమెంచము. కొరింథులో విందునకు వచ్చి బీదవారిని సిగ్గుపరచినవారిని పౌలు గద్దించెను గదా (1 కొరింథీ. 11). బలహీనుని కొరకు మానుట వేరు, పెద్దవారి మెప్పు కొరకు మానుట వేరు. పైకి మాత్రము రెండును ఒక్కతీరుగనే యుండును.

పొరుగువాని మేలు మనస్సాక్షికే గాక శరీరమునకును సంబంధించినది. మలము తిని తిరుగు పంది కండలో బద్దెపురుగు పిల్లలు బియ్యపుగింజలవంటి తెల్లని బుడిపెలుగా నుండవచ్చును. సరిగా ఉడకని ఆ మాంసము తిన్నవాని ప్రేగులలో పురుగు పెరుగును. అతనికి పెద్ద బాధ తోచకపోవచ్చును. కాని అతని మలముతో వెలువడు గ్రుడ్లు కడుగని చేతులద్వారా, నీటిద్వారా, పచ్చికూరలద్వారా ఇంకొకని కడుపులోనికి పోయినయెడల, ఆ పిల్లలు మెదడున చేరి మూర్ఛ తెప్పించును. ఆ మూర్ఛ వచ్చినవాడు జన్మలో పందిమాంసము ముట్టనివాడు కావచ్చును! అన్నము పెట్టించుకొనిన పసిబిడ్డ కావచ్చును. కయీను దేవుని అడిగిన ప్రశ్నకు (ఆది. 4) ఈ చిన్న పురుగే జవాబు చెప్పుచున్నట్లున్నది. మూర్ఛ వచ్చినవానిని దయ్యము పట్టెనని ప్రార్థనకు మాత్రమే తెచ్చువారలారా, ఆసుపత్రికి కూడ తీసికొనిపొండి. దానికి మందు కలదు.

కాబట్టి వండువారు బాగుగా వండుడి. వీధులవెంట తిరుగుదానికంటె కొట్టములో దాణా పెట్టి పెంచినదానిని కొనుట మేలు. చలిదేశములలో పందితొడను ఉప్పులో వారములకొలది ఊరవేసి హామ్ చేయుదురు. మన కోనసీమ ఉక్కలో, ఫ్రిజ్ లేని ఇంట, అది కుళ్లిపోవును. మనము తెచ్చిన దినముననే వండవలెను. తొడమాంసమునకు ఉప్పు, పసుపు, అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించి కొంతసేపు ఉంచి, లవంగము, దాల్చినచెక్క, ధనియాలు, మిరియాలు వేసి, నీరు పోసి మూతపెట్టి, కొబ్బరిడొక్కల సన్నని సెగమీద రెండు మూడు గంటలు ఉడికించుడి. ఎముకదగ్గర కోసి చూచినను ఎఱ్ఱనీరు కారకూడదు. నీరు ఇగిరినపిమ్మట దాని క్రొవ్వులోనే కొంచెము బెల్లము, చింతపండురసము వేసి త్రిప్పుచు వేచినచో పైభాగము నిగనిగలాడును. పచ్చిమాంసము కోసిన కత్తితో, కడుగకుండ, ఉల్లిపాయలు కోయకుడి. మరుగుదొడ్డికి పోయివచ్చినవారు సబ్బుతో చేతులు కడుగకుండ వడ్డింపకుడి.

సంఘవిందులో రెండు కుండలు పెట్టుడి. దేనిలో ఏ మాంసమున్నదో ముందుగా చెప్పుడి, గరిటెలు కలుపకుడి. పొరుగున నున్న ముస్లిము కుటుంబమును పిలిచినయెడల ఆ పూట కోడికూరతో సరిపెట్టుకొని, ఈ వంటను మరునాటికి ఉంచుకొనుడి. పండుగకేమియు కొరత రాదు. ఇంకొక సంగతి. కొన్నిచోట్ల మాంసము మాత్రము పందులు పెంచువారివద్ద కొందుము, పంక్తిలో వారికి విస్తరి వేయము. ఈ క్రిస్మసునకు పిలువవలసినవారి పేర్లు వ్రాయునప్పుడు ఆ ఇంటివారి పేరు కూడ చేర్చుడి.