చప్పుడుకీ గొంతుకీ మధ్య

పోయిన చలికాలం ఒక సాయంత్రం, మా కాలనీ వెనక వీధిలో నా బండికి ముందు ఒక అమ్మాయి నడుస్తూ ఉంది. బండి చప్పుడు వినగానే గోడ వైపు జరిగింది. చున్నీ సర్దుకుంది. భుజానికున్న బ్యాగును గుండెలకు హత్తుకుంది. వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు. చూడకూడదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. కాలేజీ రోజుల నుంచి నేనూ అలాగే నడిచినదాన్నే. హెల్మెట్ లోపల ఉన్నది ఒక స్త్రీ అని ఆమెకెలా తెలుస్తుంది? తెలిసినా అప్పటికే ఆమె భయపడటం అయిపోయింది. నేను ఆమెను దాటి వెళ్లిపోయాను. ఆ చప్పుడు నేను చేతులారా తయారుచేసుకున్నది. సైలెన్సర్ల లోపలి భాగాలు ఊడబీకి, మురిసిపోతూ తయారుచేసుకున్నది.

అప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇంతకాలం మగవాళ్ల చేతుల్లో ఉన్న ఒక స్వేచ్ఛ మన చేతికి వచ్చినప్పుడు, దాన్ని వాళ్లు వాడుకున్న రూపంలోనే వాడుకోవాలా? వాడుకుంటే తప్పేమిటి? వాడుకోకపోతే మళ్లీ మనమే తగ్గినట్టా?

ముందు బండి సంగతి చెప్పాలి. అది మావయ్యది. ఆయన పోయాక తెనాలి ఇంట్లో పశువుల కొట్టంలో దుమ్ము కొట్టుకుని పడి ఉంది. కొడుకులిద్దరూ అమెరికాలో. పాత బళ్లు కొనేవాళ్లు మంచి ధరే పెడతామని వచ్చినా అత్తయ్య ఇవ్వలేదు. "చిన్నప్పట్నుంచీ నీకు దానిమీదే కన్ను గదమ్మాయ్, తీసుకుపో" అంది నాతో. అప్పటికి నేను పిహెచ్‌డి పూర్తిచేసి, ఏడాదికోసారి పొడిగించే ఒక ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. బండిని రైల్లో పార్శిల్ వేసి హైదరాబాదు తెచ్చుకున్నాను.

రాజ్‌దూత్ 350. యమహా వాళ్ల ఆర్‌డి 350ని మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి 1989 దాకా ఆ పేరుతో తయారుచేసింది. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. జపాన్‌లో 39 హార్స్‌పవర్ ఉన్న ఇంజన్ని ఇక్కడి పెట్రోలు లెక్కలకు భయపడి 30.5కి తగ్గించారు. అదీ ఎక్కువేనని తర్వాత 27కి దించారు. ఇంట్లో కూర్చుని ఈ బండిని సవరించే వాళ్లందరి తాపత్రయం ఒకటే: అణిచిపెట్టిన ఆ శక్తిని మళ్లీ బయటికి తేవాలని. అణిచిపెట్టిన శక్తి! స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసినదానికి ఇంతకంటే ఉపమానం ఏం కావాలి? ఉపమానాలు వెతకడం మా చదువుకు పట్టిన జబ్బని నాకు తెలియకపోలేదు. ఆ జబ్బే నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో తర్వాత చెబుతాను.

అపార్ట్‌మెంటు సెల్లార్లో ఒక మూల, ఆదివారాలు. ఒక పాత మెకానిక్ దగ్గరకు నాలుగు నెలలు వెళ్లి కూర్చుని పని నేర్చుకున్నాను. మొదటి రోజు ఒక నట్టు ఊడలేదు. "మేడమ్, మీరు మణికట్టుతో తిప్పుతున్నరు. భుజం పెట్టున్రి, కాలు గట్టిగ ఊనున్రి" అన్నాడాయన. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసాన్ని నేను క్లాసులో పాఠంగా చెప్పి ఉన్నాను. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు చేతిని మాత్రమే వాడి, తక్కిన ఒంటిని పనిలోకి రానివ్వకపోవడానికి కారణం ఆమె కండరాలు కాదనీ, 'నా వల్ల కాదు' అనే మాట ఆమె ఒంట్లోకి దిగిపోవడమేననీ ఆ వ్యాసం సారాంశం. పాఠం చెప్పిన నాకే, పానా పట్టుకున్న రోజు దాకా అది నా మణికట్టు గురించిన వ్యాసమని తెలియలేదు. కాలు ఊని భుజం పెట్టి తిప్పాను. నట్టు ఊడింది. ఆ క్షణంలో కలిగిన సంతోషానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు.

ట్యూనింగ్ అంటే శక్తిని పెంచడం అనుకుని మొదలుపెట్టాను. చేస్తూ చేస్తూ ఉంటే అది పోలికలు కుదర్చడమని తెలిసింది. ఈ బండికి సిలిండరుకొకటి చొప్పున రెండు కార్బ్యురేటర్లు. థ్రాటిల్ తిప్పితే రెండింటిలోని స్లైడ్లూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేవాలి. ఒకటి ముందు లేస్తే ఆ సిలిండర్ బరువంతా మోస్తుంది, రెండోది ఈడ్చుకుంటూ వస్తుంది. గాలి ఎక్కువ ఇస్తే పెట్రోలూ ఎక్కువ ఇవ్వాలి. ఇచ్చామో లేదో స్పార్క్ ప్లగ్ చెబుతుంది. కొంతదూరం గట్టిగా నడిపి, ఆపి, ప్లగ్ ఊడదీసి చూడాలి. కాఫీ రంగులో ఉంటే సరిపోయినట్టు. మసిబారితే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లబడితే తక్కువైనట్టు, అంటే ఇంజను వేడెక్కిపోతున్నట్టు. అలాగే నడిపితే పిస్టన్ కరిగి చిల్లు పడొచ్చు, లేదా సిలిండర్లో బిగుసుకుపోయి వెనక చక్రం ఉన్నట్టుండి పట్టేయొచ్చు. ఇక్కడ వాదనకు తావు లేదు. సెమినార్ పేపర్లో తప్పుని మాటలతో కప్పొచ్చు. ప్లగ్ దగ్గర కుదరదు.

పెట్రోలు కొలిచేది జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క. మధ్యలో ఒక చిల్లు, పక్కన చిల్లు సైజు తెలిపే అంకె. దాన్ని అరచేతిలో పెట్టుకున్నప్పుడల్లా నాకు బియాట్రిస్ షిల్లింగ్ గుర్తొస్తుంది. 1909లో పుట్టిన ఆ బ్రిటిష్ ఇంజనీరు తన నార్టన్ మోటార్ సైకిల్ని తనే విప్పి, తనే సవరించుకుని, 1934లో బ్రూక్‌లాండ్స్ పందేల ట్రాక్ మీద గంటకు 106 మైళ్ల వేగంతో చుట్టు తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో, బ్రిటిష్ యుద్ధ విమానాలు ముక్కు కిందికి వంచి ఉన్నట్టుండి దూకితే మెర్లిన్ ఇంజన్ల కార్బ్యురేటర్లో పెట్రోలు అదుపు తప్పి ఇంజను ఆగిపోయేది. దానికి ఆమె 1941లో కనిపెట్టిన ఉపాయం, పెట్రోలు దారిలో అమర్చే చిన్న చిల్లున్న లోహపు ముక్క. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన ఆ ముక్కకు మగవాళ్లు పెట్టిన ముద్దు పేరు 'మిస్ షిల్లింగ్ ఆరిఫిస్', మిస్ షిల్లింగ్ గారి రంధ్రం. అప్పటికే ఆమెకు పెళ్లయింది కూడా. పని చేతికి వచ్చినా, ఆ పనికి పేరు పెట్టే అధికారం ఇంకొకరి దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా తెలిసే నేను సైలెన్సర్ల జోలికి పోయాను. ఈ బండి సైలెన్సర్ల చివర లోపల బ్యాఫిల్ అనే చిల్లుల గొట్టం ఉంటుంది. చప్పుణ్ణి మింగేది అదే. ఒక్క స్క్రూ తీస్తే బయటికి వచ్చేస్తుంది. రెండూ తీసేశాను. ఎందుకు తీశానని అడిగితే, అప్పుడు నా దగ్గర చాలా అందమైన జవాబు ఉండేది. ఆడపిల్ల గొంతు పైకి వినబడకూడదని పెంచిన ఇళ్లలోంచి వచ్చాం కదా, ఇప్పుడు వీధంతా వినబడుతుంది అని. ఉపమానాల జబ్బు అన్నాను చూడండి, అది ఇదే. చప్పుణ్ణి గొంతు అనుకున్నాను.

మరో నిజం కూడా చెప్పాలి. నాకది నచ్చింది. ట్యాంక్‌బండ్ మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క బళ్ల మగపిల్లలు తల తిప్పి చూస్తే గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని ఇప్పుడు కాదనలేను.

గోడ వైపు జరిగిన ఆ అమ్మాయిని చూశాక తెనాలి వెళ్లినప్పుడు అత్తయ్యతో బండి గురించి మాట్లాడాను. చప్పుడు బాగా పెంచానని చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని అంది: "మీ మావయ్య వీధి మలుపు తిరిగేటప్పటికే నాకు వినబడేదే. వినబడగానే లేచి పొయ్యి వెలిగించేదాన్ని, కూర వెచ్చబెట్టడానికి. నిద్రలో ఉన్నా లేచేదాన్ని. ఆయన పోయినా, ఎక్కడన్నా అలాంటి చప్పుడైతే ఇప్పటికీ కాళ్లు వాటంతటవే కదుల్తాయి."

మావయ్య చెడ్డవాడు కాడు. అత్తయ్య మీద చెయ్యి చేసుకోలేదు, గట్టిగా అరవనూ లేదు. అరవాల్సిన అవసరం రాలేదు. ఆయన పని ఆ బండే చేసిపెట్టింది. పన్నెండేళ్లు వెనక సీటు మీద కూర్చున్న మనిషి, ఒక్కసారి కూడా ఆ హ్యాండిల్ పట్టుకుని చూడలేదని ఆ రోజే తెలిసింది. రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' నాకు ఇష్టమైన పుస్తకం. యంత్రం మీద శ్రద్ధ పెట్టడం నైతికమైన పని అని దాన్ని చదివే నమ్మాను. కానీ అందులో కూడా సిల్వియా అనే ఆవిడ ప్రయాణమంతా భర్త వెనక సీటు మీదే చేస్తుంది. యంత్రం మీద పెట్టిన శ్రద్ధ దాని చప్పుడు వినే మనిషి దాకా దానంతటది వెళ్లదు.

ఇక్కడ నాకు నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. 'నీ వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదు' అన్నది ఆడపిల్లలకు ఉగ్గుపాలతో పోసే మాట. బ్యాఫిల్ తిరిగి పెట్టమంటున్నది నా వివేకమా, లేక ఆ ఉగ్గుపాలేనా? మగపిల్లలు రాత్రిళ్లు వీధులు దద్దరిల్లేట్టు తిరుగుతుంటే, ముందు నేనే ఎందుకు తగ్గాలి? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. చాలా రోజులు దాన్ని పట్టుకునే ఉన్నాను.

చివరికి నాకు దొరికిన తేడా ఇది. గొంతుకు ఎదుట ఒక మనిషి ఉంటుంది. ఆ మనిషి వినొచ్చు, కాదనొచ్చు, తిరిగి మాట్లాడొచ్చు. చప్పుడుకు ఎదుట ఎవరూ ఉండరు, చుట్టూ మాత్రమే ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పే వీలు లేదు. పైగా నా చప్పుడు నన్ను అణచినవాళ్ల దాకా వెళ్లలేదు. వాళ్లు కారు అద్దాలు ఎత్తుకుని ఉన్నారు. అది తగిలింది నడిచిపోయే అమ్మాయికి, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకున్న మా ఎదురింటి నర్సుకి, సెల్లార్ పక్క గదిలో వాచ్‌మన్ భార్య చంకలోని పసిబిడ్డకి. ఇబ్బంది పెట్టకపోవడం అన్ని వేళలా గుణం కాదు. సమ్మె ఇబ్బంది పెడుతుంది, ఊరేగింపు ఇబ్బంది పెడుతుంది, పెట్టాలి కూడా. అయితే ఎవరిని, దేనికోసం అన్న ప్రశ్నకు వాటి దగ్గర జవాబు ఉంటుంది. నా సైలెన్సర్ దగ్గర లేదు.

చట్టం సంగతి నాకు తెలియక కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ జరిమానాకు భయపడి మానడం వేరు, ఆ అమ్మాయి చెయ్యి బ్యాగు మీదికి వెళ్లిన తీరు చూసి మానడం వేరు. రెండోదే నాకు కావాల్సింది.

ఇంకో సంగతి, ఇది ఇంజను నేర్పింది. టూ స్ట్రోక్ ఇంజన్లో పొగ వెళ్లే దారి పూర్తిగా తెరిచేస్తే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. పొగతో పాటు కొంత కొత్త పెట్రోలు కూడా బయటికి జారిపోతుంది. సైలెన్సర్ లోపలి ఆకారం సరిగా ఉంటే, దాన్ని తాకి వెనక్కి వచ్చే ఒత్తిడి అల ఆ పెట్రోలును మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. అడ్డు అనుకున్నదే బలం ఇస్తుంది. బ్యాఫిళ్లు తీశాక నా బండి తక్కువ వేగంలో లాగడం మానేసింది, ఎడమ ప్లగ్ తెల్లబడింది. చప్పుడు పెరిగింది గనక బలం పెరిగిందని నేను అనుకున్నానంతే.

బ్యాఫిళ్లు తిరిగి బిగించాను. జెట్లు మళ్లీ మార్చాను. బండి మానలేదు, వేగమూ మానలేదు. టూ స్ట్రోక్ పొగ గురించి నా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు. వారానికి ఒక్కసారే తీయడం జవాబు కాదని నాకు తెలుసు.

సంక్రాంతికి అత్తయ్య హైదరాబాదు వచ్చినప్పుడు కార్బ్యురేటర్లు సరిచేస్తున్నాను. స్లైడ్లు చూడటానికి ఒకరు, థ్రాటిల్ తిప్పడానికి ఒకరు కావాలి. కాసేపు సాయం పట్టమని అత్తయ్యను కిందికి పిలిచాను. కొంగు నడుముకు దోపి, రెండు చేతులతో పట్టుకుంది. "ఇంకొంచెం తిప్పనా?" అంది. తిప్పమన్నాను. ఇంజను లేచింది. ఉలిక్కిపడి వదిలేస్తుందేమో అనుకున్నాను. వదల్లేదు.

ఆ అమ్మాయి మళ్లీ కనిపించలేదు. ఆ వీధిలోకి వచ్చేసరికి వేగం తగ్గించి, రోడ్డుకు అవతలి పక్కగా వెళుతున్నాను. ఇదీ ఒక అణకువేనంటారా? ఈ పత్రిక చదివే మీలో ఎవరైనా అలా అంటే వాదించడానికి సిద్ధంగానే ఉన్నాను. అంత ఖాయంగా మాత్రం లేను.