తక్కెడను తూచేది ఏది?

లార్జ్ ఫార్మాట్ కెమెరా వెనుక భాగంలో గరుకు గాజు పలక ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగు దాని మీద పడి, దృశ్యం తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. ఫోటోగ్రాఫర్ తల మీద నల్లగుడ్డ కప్పుకుని, ఆ పలకకు చిన్న భూతద్దం ఆనించి, బింబం ఎక్కడ పదునుగా ఉందో వెతుక్కుంటాడు. ఆ భూతద్దానికే లూప్ అని పేరు. దాన్ని ఎంచుకునేటప్పుడు ధర, బ్రాండు కంటే ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. బింబం సరిగా ఉందని లూప్ చెబుతుంది. మరి లూప్ సరిగా ఉందని ఎవరు చెప్పాలి?

తర్కశాస్త్రంలో ఇది చాలా పాత తగాదా. సంప్రదాయం శాతవాహనులతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో న్యాయదర్శనం వారైన నైయాయికులను ఇక్కడే నిలదీశాడు. వస్తువులన్నీ ప్రమాణాల వల్ల, అంటే తెలుసుకునే సాధనాల వల్ల, సిద్ధిస్తే ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? ఇంకో ప్రమాణం వల్ల అంటే దానికి మరొకటి కావాలి; అది అనవస్థ. నిప్పు తన్ను తాను వెలిగించుకున్నట్టు ప్రమాణం కూడా తనంతట తానే సిద్ధిస్తుందంటే, నిప్పు ఏనాడూ చీకట్లో లేదు కదా, ఇక వెలిగించుకోవడం ఏమిటని ఆయన ఆక్షేపణ. న్యాయసూత్రాల్లో దీనికి దొరికే సమాధానం అంగడిలోంచి వచ్చింది. బంగారం తూచేటప్పుడు తూకం ప్రమాణం. తూకం మీదే అనుమానం వస్తే, బరువు తెలిసిన బంగారంతో దాన్నే పరీక్షిస్తారు. ఆ పూటకు తూకమే తెలుసుకోవలసిన వస్తువు, అంటే ప్రమేయం, అవుతుంది. రెండూ ఒకే క్షణంలో కానక్కరలేదు.

లూప్ విషయంలోనూ సరిగ్గా ఇదే క్రమం. బింబం ఏర్పడేది గాజుకు లెన్సు వైపున్న గరుకు ముఖం మీద. లూప్ ఆనేది ఇవతలి నున్నటి ముఖం మీద. మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల గాజు మందం. కాబట్టి కెమెరా బింబం వైపు చూడకముందే, లూప్‌ను తిప్పి గరుకు రేణువులు స్పష్టంగా కనబడేలా సరిచేసుకోవాలి. ఆ సర్దుబాటు వీలుకాని లూప్‌తో, మసక బింబంలో ఉందో చూపులో ఉందో తేలదు. కళ్లజోడు పెట్టుకునేవారికి ఈ సౌకర్యం మరీ అవసరం. మనిషి మారితే కొలత మారుతుంది. బట్టలో పోగులు లెక్కపెట్టే మడత లూప్ చవకే, కానీ దాని ఎత్తు మారదు కనుక ఈ పనికి అంతగా ఒదగదు.

ఎంత పెద్దదిగా చూపాలన్నది తరువాతి మాట. 250ని లూప్ నాభ్యంతరం మిల్లీమీటర్లతో భాగిస్తే దాని శక్తి వస్తుంది. 50 మిల్లీమీటర్ల పాత కెమెరా లెన్సును తిరగేసి పట్టుకుంటే 5 రెట్ల లూప్ సిద్ధం. నాలుగు నుంచి ఏడు రెట్ల మధ్య ఉన్నవే ఎక్కువమంది వాడుకలో నిలిచాయి. పీక్, ష్నైడర్, రోడెన్‌స్టాక్ కంపెనీల 4 రెట్ల లూప్‌లు అందుకే పేరుపడ్డాయి. పదిరెట్లకు పోతే కనిపించేది దృశ్యం కాదు, గాజు గరుకు. సాధనం బలిసినకొద్దీ విషయం మాయమవడం చూపుకే కాదు, శాస్త్రచర్చకూ ఉన్న జబ్బే. ఎంత కావాలో చివరి ప్రింటు చెబుతుంది. 4×5 అంగుళాల నెగటివ్‌ను 16×20 ప్రింటు చేస్తే అది నాలుగింతలు. చేతిదూరంలో ఆ ప్రింటు చూపేదంతా 4 రెట్ల లూప్ ముందే చూపేస్తుంది. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో పెద్ద గాజు నెగటివ్‌లను కాగితానికి ఆనించి అదే పరిమాణంలో ముద్రించడం మామూలు పద్ధతి. అలాంటి ముద్రణకు అంత శక్తి కూడా అక్కర్లేదు.

సాధనంలోని దోషం వస్తువుకు అంటుకోవడం మరో చిక్కు. కామెర్ల రోగికి తెల్లని శంఖం పచ్చగా కనబడుతుందనేది తార్కికుల పాత ఉదాహరణ. చవక లూప్‌లో అంచుల వెంట ఊదారంగు, పచ్చరంగు చారలు వస్తాయి. అవి కెమెరా లెన్సువే అనుకుని మంచి లెన్సును అమ్ముకుంటే శంఖాన్ని కడిగినట్టే. రెండు మూడు గాజులు అతికించి రంగుదోషం తగ్గించిన లూప్‌కు ఎక్కువ ధర పెట్టడం అందుకే న్యాయం. లూప్ అడుగు గొట్టం కూడా నల్లగా ఉండాలి. ప్రింట్లు చూసే లూప్‌కు పారదర్శకమైన గొట్టం ఉంటుంది, బయటి వెలుగు దానికి కావాలి. గరుకు గాజు మీద అదే వెలుగు బింబాన్ని చెరుపుతుంది. మూలల్లో కిరణాలు వాలుగా వస్తాయి కనుక, పక్కకు వంచి చూడగల సన్నని గొట్టం మేలు.

ఇక చూసే మనసు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు విజయవాడ రహదారిని దాటుతుంది. అక్కడ కెమెరా నిలిపి, దూరపు దారిబోర్డు మీద ఫోకస్ చేయబోతే ఒక మోసం ఎదురవుతుంది. ‘విజయవాడ’ అన్న మాట ముందే తెలుసు కాబట్టి అక్షరాలు మసకగా ఉన్నా మనసు చదివేస్తుంది, సరిపోయిందనుకుంటుంది. నైయాయికులు పేరూ జాతీ కలిసిన ప్రత్యక్షాన్ని సవికల్పకమని, అవేవీ చేరని తొలి చూపును నిర్వికల్పకమని విడదీశారు. లూప్ వాడకంలో పనికొచ్చేది రెండోదానికి దగ్గరగా ఉండే చూపే. బోర్డుకు బదులు బండరాయి అంచునో, చెట్టుబెరడులో పగులునో పట్టుకోవాలి. వాటికి చదవడానికి పేరు లేదు. తలకిందుల బింబాన్ని కొత్తవారు తిట్టుకుంటారు కానీ, పేర్లను కాసేపు వదిలించడంలో దాని ఉపకారం చిన్నది కాదు.

తెర లేకుండా చూసే పద్ధతి కూడా ఉంది. గరుకు గాజు మధ్యలో కొంత మేర నున్నగా ఉంచి, ఆ ముఖం మీదే అడ్డగీతలు గీస్తారు. అక్కడ బింబం గాలిలో నిలుస్తుంది, రేణువులు అడ్డురావు, బలమైన లూప్ కూడా చెల్లుతుంది. అయితే కన్ను తనంతట తాను సర్దుకుని గీతకు ముందున్న బింబాన్నీ వెనుకున్న దాన్నీ పదునుగానే చూపించగలదు. అందుకే తలను అటూ ఇటూ కదుపుతారు. గీతా బింబమూ అతికినట్టు కలిసి కదిలితే రెండూ ఒకే తలంలో ఉన్నాయి. ఒకటి మీద ఒకటి జారితే లేవు. స్పష్టత ఇక్కడ సాక్ష్యం కాదు, పొందిక సాక్ష్యం.

ఇంత చేసినా ప్రతిసారీ అన్నీ పరీక్షిస్తూ కూర్చుంటే వెలుగు వెళ్లిపోతుంది. దోషం బయటపడేదాకా జ్ఞానం స్వతహాగా ప్రమాణమేనన్న మీమాంసకుల మాట మీదే రోజువారీ ఫోటోగ్రఫీ నడుస్తుంది. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’కు తానే రాసిన దీపికలో దీనికి ఎదురు పక్షం నిలిపాడు. నీళ్లున్నాయని తెలిసి వెళ్లినవాడికి నీళ్లు దొరికితేనే ఆ జ్ఞానం నిజమైనదని తెలుస్తుంది. కెమెరాలోనూ అంతే. ఫిల్ము హోల్డరు, గరుకు గాజు ఒకే తలంలో లేకపోతే ఎంత మంచి లూప్ అయినా అబద్ధమే చెబుతుంది. అది నెగటివ్ కడిగాక కానీ బయటపడదు. ఈ అనుమానం తీర్చుకోవడానికి కొలత టేపును కెమెరాకు ఏటవాలుగా పరుస్తారు. ఒక అంకె మీద లూప్‌తో ఫోకస్ చేసి, లెన్సు ద్వారాన్ని పూర్తిగా తెరిచి ఫోటో తీస్తారు. నెగటివ్‌లో అదే అంకె పదునుగా ఉంటే లూప్, గాజు, హోల్డరు మూడూ సరైనవే. పక్క అంకె పదునుగా వస్తే గాజు ఎటువైపు జరిగిందో, ఎంత సరిచేయాలో ఆ టేపే చెబుతుంది.