కాయితంలో నాన్న తోట

మండపేట చుట్టుపక్కల కామందుల తోటలు అమ్మకానికొస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు, ఇక్కడ కాయ దింపించే దిక్కులేదు. అలాంటి తోటొకటి, లోపలి బంగళాతో సహా, ఇప్పుడు బేరంలో ఉంది. ఆ బంగళాకి ప్లాను గీసింది మద్రాసు ఆర్కిటెక్టు. పెంకుల్లేవు, మండువా లేదు, స్తంభాలకి చెక్కడాల్లేవు. చదునైన కాంక్రీటు కప్పు, నేల నుంచి పైదాకా గాజు తలుపులు. లోపల ఎక్కడ కూర్చున్నా తోట కనపడాలి. అమ్మకం కరపత్రంలో ఆర్కిటెక్టు పేరుంది, గజాల లెక్క ఉంది, ‘బాగా పెరిగిన చెట్లు’ అని ఉంది.

చెట్లు వాటంతటవే పెరగవు. ఆ తోటకి మా నాన్న పాలేరు. వరిచేను మెరక చేసి తోట వేశారు. కాలవ పూడిక తీసిన ఒండ్రుమట్టి తట్టలతో మోసింది మా పేట ఆడాళ్లు. కడియం నుంచి అంటుమొక్కలు బండి మీద తెచ్చి, గోతులు తవ్వి, ఎండాకాలం కావిడితో నీళ్లు మోసి బతికించింది నాన్న. గాజు తలుపుల లోపలి నుంచి ఆ తోట ఎలా కనపడుద్దో ఆయనకి తెలీదు. గుమ్మం దాటనిస్తే గదా!

ఫ్రాన్సులో లె కార్బూజియే 1931లో పూర్తిచేసిన విల్లా సవోయ్ అనే ఇల్లుంది. కొత్తతరం కట్టడాలకి అది మాదిరి. దాని గేటు దగ్గర తోటమాలికో చిన్న ఇల్లుంది. దాన్నీ కార్బూజియేనే గీశాడు. తోటమాలి కూడా మనిషే, అతనికీ గది కావాలని ఆ గీతకి తెలుసు. మా కామందు ప్లానులో కారుకి చోటుంది, నాన్న పాకకి లేదు.

పనిచేసినవాడికి ఆ పని మీద హక్కుందా? ఎవరిదీ కాని నేలలో మనిషి తన శ్రమ కలిపితే అది అతని సొత్తవుతుందని జాన్ లాక్ 1689లో వాదించాడు. ఇంతవరకు మనవాడే అనిపిస్తాడు. అదే అధ్యాయంలో తన నౌకరు కోసిన పచ్చిక కూడా తనదేనంటాడు. నౌకరు చెయ్యి యజమాని చెయ్యి కింద జమ! కూలి ముట్టింది గదా అంటారు. బేరమాడే నోరున్నవాడికి ఆ మాట చెల్లుద్దేమో. ఏడాదికి ఇన్ని బస్తాలని కామందు అంటే వినడం తప్ప నాన్నకి బేరమెక్కడిది? కులం పనివాళ్లనే విడగొట్టి ఒకరి కింద ఒకర్ని పెట్టిందని అంబేద్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో చెప్పారు. అందుకే గీసిన చేతికి పేరు, తవ్విన చేతికి గింజలు.

అయితే ఈ తోటకో మెలిక ఉంది. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. మాగాణి అయితే నేల రకాన్ని బట్టి కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలు మించకూడదంది. అది వస్తుందని ముందే పసిగట్టినవాళ్లు పాలేర్ల పేరన భూములు రాయించారు. ఈ తోటలో రెండెకరాలు అలా మా నాన్న పేరనుంది. ‘ఒరే, ఇక్కడ ఏలెట్టు’ అన్నారంట. ‘ఆయ్’ అని పెట్టాడంట. కాయితంలో ఏముందో చెప్పినవాడు లేడు.

ఆస్తిని ఇంకొకడి పేరన పెట్టి, తర్వాత నాదేనని దావా వెయ్యడానికి 1988 బినామీ చట్టం ఒప్పుకోదు. అందుకని వకీలు మా ఇంటికొచ్చాడు. వారసులు హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టాలి. నాన్నని ‘ఒరే’ అన్న ఇంటివాళ్లు నన్ను ‘మీరు’ అన్నారు. ఎంతో కొంత ఇస్తామన్నారు.

పెట్టకపోతే న్యాయమేనా? ఆ కాయితం చట్టం కళ్లుగప్పడానికి పుట్టింది. ఆ రెండెకరాలు మిగులు భూమిగా తేలుంటే భూమిలేనివాళ్లకి పోవాలి. ఏలిముద్ర నాన్నదని నేను దక్కించుకుంటే వాళ్ల వాటా నా జేబులో పడ్డట్టే. మా తమ్ముడు అలా అనుకోడు. ‘వాళ్లు అబద్ధమే రాశారన్నయ్యా. కానీ రాసింది నిజమే గదా, చెట్లు నాన్నవే గదా’ అంటాడు. ఆ మాట కొట్టిపారేయలేను.

నాకు తోచింది ఇది. నాన్నకి హక్కు వచ్చింది శ్రమ నుంచి. కాయితం తెలీకుండా దాన్ని ఒప్పుకుంది, అంతే. శ్రమే ఆధారమైతే తట్ట మోసిన ప్రతి మనిషికీ అందులో పాలుంది. కాబట్టి ఆ రెండెకరాలు కామందుకి వదలకూడదు, మా ఇద్దరికే ఉంచుకోకూడదు. పేటలో ఒకే ఇంట్లో రెండు మూడు కాపరాలున్నాయి. వాళ్ల ఇళ్లకి ఆ నేల పోవాలి. దీన్ని దానమంటే ఒప్పుకోను, బాకీ అది.

సంతకం పెట్టనని వకీలుకి చెప్పాను. మళ్లీ వస్తానన్నాడు. తమ్ముడింకా ఒప్పుకోలేదు. అమ్మ మాత్రం ‘తట్టలు మోసినోళ్లెవరో నీకు తెలుసేటి?’ అని అడిగింది. ఆమె చెప్తుంటే పేర్లు రాసుకుంటున్నాను. ఇప్పటికి పదిహేడయ్యాయి.