విడుచుట దయయేనా?

గాలమునకు చిక్కిన చేపను మరల నీట విడుచుట దయ యగునా? అమెరికాలో యూటా రాష్ట్రపు కొండలనడుమ, గ్రీన్ నదిపై 1964లో పూర్తియైన ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట దిగువను, జలాశయపు లోతునుండి వచ్చు చల్లనినీట ట్రౌటుచేపలు పెరుగుచున్నవి. శరత్కాలమున వినోదార్థులై వచ్చువారు, ఈకలతోను దారముతోను పురుగువలె కట్టిన ఎరతో వానిని పట్టి, విడిచి, హింస లేదని తృప్తి నొందుదురు. గాయపఱచినవాడు ప్రాణము తీయకుండుట మేలే; కాని యది హింసను తగ్గించుటయే గాని దయ గాదు.

ఆ కాలముననే బ్రౌన్ ట్రౌటు గులకరాళ్లనడుమ గ్రుడ్లు పెట్టును. ఆ రాళ్లపై నడచువాడు ఒక్క చేపనైన పట్టకయే దాని సంతతిని నలిపివేయగలడు. ఈ చేపలను మానవుడే తెచ్చి విడిచెను గావున వానిపై హక్కు కలదందురా? తెచ్చినవానికి హక్కుకంటె రక్షణభారమే ముందు. గాలము చేతనుండగనే, గ్రుడ్లుపెట్టు చేపను చూచి, ఎర వేయక తొలగిపోవువానియందే దయ కలదు.